గ్యాసు లైటు మీద పడ్డ నింద

మన దేశం ఎడారిలో అణుబాంబులు పేల్చి చూసిన ఎండాకాలం అది. అబిడ్స్‌లో రోడ్డు మీద మిఠాయిలు పంచారు. ముక్కూ మొహం తెలియని మనిషి ఒకడు నా నోట్లో లడ్డూ కుక్కి జై అనమన్నాడు. లడ్డూ నమిలాను, జై అనలేదు. లోపల ఏం జరిగితే అంత పేలుడు పుడుతుందో నీకు తెలుసునా అని అడిగాను. "నీకెందుకు పెద్దాయనా, పేలింది గదా!" అన్నాడు. ఆ జవాబు మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ మనిషే నెల తిరగకుండా నా దుకాణం ముందు నుంచి పోయేటప్పుడు ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకున్నాడు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో గ్యాసు లైట్లు కిరాయికిచ్చే దుకాణం నాది. ఇప్పటివాళ్లు చూసి ఉండరు గనుక చెబుతాను. పేరుకు గ్యాసు లైటే గాని మండేది కిరసనాయిలు. అడుగున ట్యాంకులో నూనె పోసి పంపుతో గాలి కొడితే నూనె ఆవిరై పైకి వచ్చి, అక్కడ వేలాడదీసిన మాంటిల్ అనే చిన్న పట్టు సంచీని తెల్లగా వెలిగిస్తుంది. కొత్త మాంటిల్‌ను ముందు ఒకసారి కాల్చాలి. గుడ్డంతా కాలిపోయి బూడిదవుతుంది. కానీ ఆ బూడిద రాలదు. సంచీ ఆకారంలోనే నిలబడి ఉంటుంది. వేలు తగిలిందా, పొడి. బతికున్న గుడ్డ వెలగదురా, చచ్చిన గుడ్డే వెలుగుతుంది అనేవాడు మా నాయన. ఆయన మెదక్ నుంచి వచ్చి గుడారాల్లో జరిగే ప్రార్థన కూటాలకు లైట్లు పెట్టడంతో ఈ పని మొదలుపెట్టాడు. నా నాటికి అది పెళ్లి బారాత్‌ల పని అయింది. తలమీద గుడ్డ కుదురు పెట్టుకుని, దాని మీద లైటు నిలబెట్టుకుని ఆడవాళ్లు పెళ్లికొడుకు గుర్రానికి అటూ ఇటూ నడిచేవారు. జనరేటర్ల మీద ట్యూబులైట్లు వచ్చాక బేరం సగం పడిపోయింది గాని, సందుల్లోకి జనరేటరు బండి దూరదు. అక్కడ మేమే.

నా బడి చదువు ఐదో తరగతి. మిగతాదంతా అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం ఆదివారం కొనుక్కున్నదే. గుడి నుంచి, అంటే మా ప్రార్థన గుడి నుంచి, సరాసరి అక్కడికి పోయేవాణ్ణి. ఇంగ్లీషు కూడా నిఘంటువు పక్కన పెట్టుకుని అక్కడి పుస్తకాలతోనే నేర్చుకున్నాను. బాంబుల తర్వాతి ఆదివారం అణువు మీద ఒక పుస్తకం దొరికింది. అట్ట లేదు. వెనక సగమూ లేదు. పుస్తకాన్ని నడుమకు చింపి అమ్మే దుర్మార్గుణ్ణి ఏ శిక్షాస్మృతిలోనూ చేర్చలేదు, చేర్చాల్సింది.

ఉన్న సగం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. అణు ఇంధనానికి పనికొచ్చే లోహాల్లో థోరియం ఒకటట. అది ఎక్కడెక్కడ ఉంటుందో చెబుతూ గ్యాసు లైట్ల మాంటిళ్ల పేరు కూడా రాశాడు. తల ఎత్తి చూస్తే ఎదురుగా గోడ బల్ల మీద పెళ్లిళ్ల సీజనుకని తెచ్చిన మాంటిల్ పెట్టెలు, ఒకదాని మీద ఒకటి, కప్పు దాకా. ఇక పుస్తకంలో చివర మిగిలిన పేజీలో ఏముందంటే, ఇటువంటి పదార్థం కొద్దికొద్దిగా విడివిడిగా ఉన్నంతవరకు ఏమీ కాదు, తగినంత ఒకచోట చేరిందా, అని. అంతే. ఆ తర్వాత చింపుడు.

లైట్ల పనిలో మాకొక కట్టుబాటు ఉంది. వెలిగించిన లైట్లను దగ్గర దగ్గరగా పెట్టం. పక్కదాని వేడికి ఇవతలి ట్యాంకు వేడెక్కి, గాలి ఒత్తిడి పెరిగి, భుగ్గున లేస్తుంది. జానెడు ఎడం లేకుండా లైట్లు పెట్టినవాణ్ణి మా నాయన చెంప మీద కొట్టేవాడు. ఆ బుద్ధే నాకు పని చేసింది. చేరితే ముప్పు అయితే విడదీస్తే సరి. మర్నాడు పొద్దున్నే పెట్టెలన్నీ దించి, లైట్లు మోసేవాళ్ల ఇళ్లకు ఇంటికొకటి చొప్పున ఇచ్చాను. ఎవరి పెట్టె వాళ్లింట్లో ఉండాలి, రెండు ఒకచోట పెట్టొద్దు, ఎందుకని అడగొద్దు అన్నాను. ఎవరూ అడగలేదు. నా కోపం సందులో అందరికీ తెలిసిందే.

వాటిలో ఒక పెట్టె, లైట్లు మోసేవాళ్లలో ఒక పడుచుదాని మంచం కిందికి పోయింది. ఆమె అప్పుడు ఐదో నెల గర్భిణి. రెండేళ్ల కిందట మొదటి కాన్పు దవాఖానలో పోయింది. బిడ్డ చచ్చి పుట్టాడన్నారు. అప్పుడు కూడా కడుపుతో ఉండగా కొన్ని బారాత్‌లకు లైటు మోసింది. మొగుడు ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోస్తాడు. అత్త కూడా మా దగ్గర లైట్లు మోసేదే, నా ఈడుది, నన్ను అన్నా అని పిలిచేది. మాలాగే క్రైస్తవులు. కోడలిని గర్భంతో లైటు మోయవద్దని ఈసారి నేనే ఆపాను, బరువు గనుక.

దుకాణం పైన గదిలో ఒక సారు కిరాయికి ఉండేవాడు. కోస్తా మనిషి. ఎక్కడో దూరాన అణు విద్యుత్తు తీసే కేంద్రంలో, కంట్రోల్ రూములో, రియాక్టరు ముందు కూర్చుని రిటైరయ్యాడు. భార్య లేదు. మాట తక్కువ. ఆయనలో ఒక విడ్డూరం ఉండేది. స్టవ్వు ఆర్పేసి దాని ముందే కూర్చునేవాడు, అది చల్లబడేదాకా. బారాత్ నుంచి తిరిగొచ్చిన లైట్లు కింద దుకాణంలో ఆర్పితే ఆ వాసనకు దిగి వచ్చి, స్టూలు లాక్కుని వాటి ముందు కూర్చునేవాడు. చీకట్లో ఆరిన లైట్ల వరస, వాటి ముందు తెల్ల బనీనుతో ఆయన. మొదటిసారి చూసినప్పుడు దగ్గరికి పోయాను.

"ఆరిపోయినయి గదా సారూ, ఏం చూస్తున్నరు?" అన్నాను.

"ఆరాయండీ. చల్లారలేదుగా" అన్నాడు. అలవాటు అన్నాడు.

ఆయన దగ్గర సొంతంగా కట్టుకున్న పెట్టె ఒకటి ఉండేది. టిఫిన్ డబ్బా అంత. దానికి తీగతో ఒక గొట్టం. కంటికి కనబడని కిరణం ఆ గొట్టంలోంచి పోయిన ప్రతిసారీ అది టిక్కుమంటుంది. బాంబులు లేపిన ఎడారి దుమ్ము గాలిలో ఇక్కడికి వచ్చిందా అని సందులో వాళ్లు అడుగుతుంటే, రాలేదని చూపించడానికి ఒకరోజు మధ్యాహ్నం దాన్ని కిందికి తెచ్చాడు. నా దుకాణం గడప మీద టిక్, ఆగి, టిక్, టిక్ అంది. మామూలే, ఎక్కడైనా ఇంతే అన్నాడు. మాట్లాడుతూ లోపలికి వచ్చి, వాడకానికని నేను ఉంచుకున్న మాంటిల్ పొట్లాల దగ్గర గొట్టం ఆనించాడు.

పోపులో ఆవాలు పడ్డట్టు చిటపటలాడింది.

అందరూ వెనక్కి జరిగారు. ఆ అందరిలో ఆ గర్భిణి అత్త కూడా ఉంది, పెళ్లి లైట్ల కోసం వచ్చి. ఆమె తన తల మీద చెయ్యి పెట్టుకుంది. ఎన్నో ఏళ్లు లైటు మోసిన చోట.

పొద్దు గూకేసరికి బాంబు సామాను నా దుకాణంలో ఉందని నాంపల్లి అంతా తెలిసింది. మిఠాయి పంచిన చేతులు ముక్కులు మూసుకున్నాయి. బాంబుకు జై అన్నవాడికి మాంటిల్ అంటే భయం! నిలబెట్టి ఒక్కొక్కణ్ణీ అడగాలనిపించింది. అడిగాను కూడా. ఒకడు "బాంబు దూరంగ ఉన్నది, నీ దుకాణం పక్కన్నే ఉన్నది" అన్నాడు. నాకు ఇంకా మండింది.

మర్నాడు కోడలు ఒక్కతే వచ్చింది. కొంగు కడుపు మీదికి లాక్కుని గడప అవతలే నిలబడింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను.

"పెద్దయ్యా, ఒక మాట చెప్పాలె నువ్వు."

"ఏంది బిడ్డా?"

"గా లైటే నా బిడ్డను తిన్నదని మా అత్తకు చెప్పు."

నాకు మొదట అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పింది. "రెండేండ్ల సంది ఒక్కటే పాట. కడుపు ఖరాబు, కడుపు ఖరాబు. ఈసారి గూడ అట్లనే అయితే కొడుక్కు ఇంకో పిల్లను తెస్తనంటుంది. నిన్న ఆ డబ్బా మొత్తుకున్నది సూసి వచ్చిందా, రాత్రి నా దిక్కు ఒక తీరుగ చూసింది. లైటేనేమో అన్నట్టు. గదే మాట నువ్వంటే నమ్ముతది. నువ్వు పుస్తకాలు చదివినోడివి."

"అది అబద్ధమైతే?"

"అబద్ధమో నిజమో నీకు తెలుసా?"

నాకు తెలియదు. అంతదాకా ఎవరూ నన్ను అలా అడగలేదు.

ఆమె ఇంకొక మాట కూడా అంది, పోతూ పోతూ, మామూలు గొంతుతో. "నా మంచం కింద పెట్టించినవు గదా ఒక పెట్టె. గది ఉండాల్నా, తియ్యాల్నా?"

సరాసరి మేడమీదికి పోయాను. కరెంటు లేదు. సారు కిటికీ దగ్గర ఆర్పిన స్టవ్వు ముందు కూర్చుని ఉన్నాడు. లోపల ఏం జరుగుతుందో మొత్తం చెప్పండి, సగం చెప్పొద్దు, సగం చదివే ఈ గతి పట్టింది అన్నాను. పెట్టెల సంగతి చెప్పాను. ఆయన నవ్వాడు. నవ్వడం అదే మొదటిసారి చూడటం. "ఇంటికొకటా! విడదీశారా!" అని తొడ మీద కొట్టుకున్నాడు. గర్భిణి మంచం కింద ఒకటుందని చెప్పేసరికి ఆ నవ్వు పోయింది.

"ఇవాళే తీసేద్దాం. ప్రమాదమని కాదు. ఉండకూడని చోట ఉంది, అంతే. కూర్చోండి, చెబుతాను."

చెప్పాడు. యురేనియం అణువు నడిబొడ్డున గింజలాంటిది ఒకటి ఉంటుంది. దాన్ని న్యూట్రాన్ అనే రేణువు వచ్చి తాకితే రెండు ముక్కలై విసురుగా ఎగురుతుంది. ఆ విసురే వేడి, ఆ వేడితోనే నీళ్లు ఆవిరై మర తిరిగి మన కరెంటు. ముక్కలతో పాటు కొత్త న్యూట్రాన్లు రెండో మూడో బయటపడతాయి. అవి మరీ జోరు మీద ఉంటాయి గనుక తక్కిన గింజల పక్కనుంచి దూసుకుపోతాయి. భారజలం అనే ప్రత్యేకమైన నీటిలో తిప్పి వాటిని నెమ్మది చేస్తారు. నెమ్మదించినదే ఇంకో గింజను పగలగొడుతుంది.

"ప్రతి పగులులోంచి వచ్చినవాటిలో సరిగ్గా ఒక్కటి ఇంకో గింజను పగలగొట్టాలి. ఒకటికి మించితే మంట పెరుగుతుంది. ఒకటికి తగ్గితే ఆరిపోతుంది. నా ఉద్యోగమంతా ఆ ఒకటిని ఒకటిగా ఉంచడమేనండీ."

"మిగతావాటిని ఏం చేస్తరు?"

"కొన్ని దారిలో పోతాయి. కొన్నిటిని మింగడానికి కడ్డీలుంటాయి. దించితే మింగుతాయి, ఎత్తితే వదిలేస్తాయి."

నేను ఒప్పుకోలేదు. రెప్ప వేసేలోపు అవి వందల తరాలు పుడతాయని నా సగం పుస్తకంలోనే ఉంది. మనిషి చెయ్యి కడ్డీ దాకా పోయేసరికి అంతా అయిపోదా? ఆ మాట అడిగితే ఆయన నా వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు.

"వెనకబడి వచ్చేవి కొన్ని ఉంటాయి. వందకు ఒకటి కూడా ఉండవు. పగిలిన ముక్కల్లో ఉండిపోయి, కొన్ని క్షణాలు ఆగి, కొన్నయితే నిమిషం దాకా ఆగి బయటికి వస్తాయి. ఆ వెనకబడ్డవి కూడా వచ్చి చేరితేగాని లెక్క ఒకటికి అందకుండా నడుపుతాం. అవి వచ్చేదాకా మంట ఎదురుచూడాలి. ఆ ఆలస్యంలోనే మేం చెయ్యి కదుపుతాం. బాంబులో వాటికోసం ఆగరు."

కిటికీ కింద రైలు కూసింది. ఆయన గొంతు ఇంకా తగ్గించాడు. కంట్రోల్ రూములో చప్పుడుండదట. లోపల సూర్యుడి ముక్కలాంటిది మండుతున్నా ఇవతల కాగితం మీద పెన్ను గీత గీస్తుంటుంది, అంతే. అత్యవసరమైతే మీట నొక్కగానే కడ్డీలన్నీ ఒక్కసారే పడతాయి. గొలుసు తెగిపోతుంది. కానీ పగిలిన ముక్కలు తమంతట తాము వేడి కక్కుతూనే ఉంటాయి, రోజులు, నెలలు. వాటికి కడ్డీ లేదు, మీట లేదు. నీళ్లు పారిస్తూ కాపలా కూర్చోవడమే. అదీగాక, ఆపాక లోపల జెనాన్ అనే వాయువు పోగవుతుంది. అది న్యూట్రాన్లను కడ్డీలకంటే ఆబగా మింగుతుంది. మళ్లీ వెలిగిద్దామన్నా వెలగనివ్వదు. అది తనకు తాను విరిగి పోయేదాకా, ఒక రోజు దాటినా, అందరూ ఊరికే కూర్చోవాలి.

"బలవంతంగా వెలిగిస్తే?"

"అలా వెలిగించిన చోట రియాక్టరే పేలింది, లోకమంతా చూసింది" అని స్టవ్వు మీద అరచెయ్యి ఆడించి చూసుకున్నాడు.

"మరి నా మాంటిళ్లో?"

"వాటిలో గొలుసు లేదండీ. కప్పు దాకా పేర్చినా అంటుకోదు. థోరియాన్ని రియాక్టరులో పెట్టి న్యూట్రాన్లు తినిపిస్తే అది ఇంకొకటిగా మారి అప్పుడు ఇంధనమవుతుంది. బయట దాని అణువులు ఒక్కొక్కటే, ఎప్పుడో ఒకప్పుడు, ఒంటరిగా విరుగుతాయి. తొందరపెట్టలేం. ఆపనూ లేం. సగమయ్యేసరికి భూమికి ఇప్పటిదాకా ఉన్న వయసు చాలదు."

దుకాణంలో చీకట్లో ఆ పొట్లాలు నా కళ్లకు కట్టాయి. వాటిలోని అణువులు నేను పుట్టకముందు నుంచి, ఎవరూ వెలిగించకుండానే, ఒక్కొక్కటే ఒక్కొక్కటే విరుగుతున్నాయి. రియాక్టరుకు కాపలాకు మనుషులున్నారు. దీనికి ఎవరున్నారు?

నెత్తిమీద మోస్తే బిడ్డ పోతుందా అని చివరికి అడిగాను. మోసేవారికి అందేది చాలా తక్కువ, జానెడు బారెడు దూరానికే పలచబడుతుంది అన్నాడు. భయపడాల్సింది పాత మాంటిల్ బూడిదను నోటితో ఊదినప్పుడు లోపలికి పోయే పొడికి, కొత్తదాన్ని గదిలో కాల్చినప్పుడు లేచే పొగకు. అవి మానండి, గుడ్డతో తుడవండి, ఆరుబయట కాల్చండి. "ఆ బిడ్డ దానివల్ల పోయి ఉండడనే అంటాను. కానీ పోయిన ఒక్క బిడ్డను చూపించి ఇందువల్లే అని గాని, ఇందువల్ల కాదని గాని నేను ప్రమాణం చెయ్యలేను."

సాయంత్రం ఇద్దరం కోడలి ఇంటికి పోయాం. ఒకటే గది. కరెంటు ఇంకా రాలేదు. అత్త ద్వారబంధానికి ఆనుకుని కూర్చుని ఉంది. కొడుకు పనినుంచి రాలేదు. సారు మంచం కింద గొట్టం పెట్టగానే ఆయన పెట్టె చిటపటలాడింది. మాంటిళ్ల పెట్టెను లాగి బయట అరుగు చివర పెట్టించి, గొట్టాన్ని తలగడ దగ్గర పెట్టాడు. టిక్. చాలాసేపటికి టిక్.

"గీమె కడుపు మీద పెట్టు సారూ" అంది అత్త.

సారు నా వైపు చూశాడు. ఆపేలోపే కోడలు గొట్టం పట్టుకుని తనే కొంగు మీద ఆనించుకుంది.

టిక్. టిక్. కొంచెం ఆగి, టిక్.

ఆ చీకటి గదిలో నలుగురం గొట్టం వైపు వంగాం. నాకు కారణం తెలుసు, ఎక్కడైనా ఇంతేనని నిన్ననే విన్నాను. అయినా లోపల్నుంచి ఎవరో గోటితో తట్టినట్టుంది.

"సూసిన్రా! సూసిన్రా! ఉన్నది లోపల!" అని అత్త అరిచింది.

"మీ దగ్గరా చూద్దామమ్మా" అని సారు గొట్టం ఆమె గుండె మీద పెట్టాడు. టిక్. టిక్. తన మీద, నా మీద పెట్టాడు. అదే. గడప రాయి మీద పెడితే ఇంకొంచెం ఎక్కువే. ఈ ఊరి రాయిలో ఆ కిరణం కొంచెం ఎక్కువట. మట్టిలో, తిండిలో, ఒంట్లో, అంతటా ఎంతో కొంత ఉంటుంది, పుట్టినప్పటినుంచి అది మనలోంచి పోతూనే ఉంది అన్నాడు. అత్త తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"అన్నా, నువ్వు చెప్పు. గా సారు మాటలు నాకు సమజ్ కావు. మొదటి పోరన్ని తిన్నది లైటా, గీమె కడుపా?"

కోడలు నన్నే చూస్తోంది. ఆ చూపులో అడగడం లేదు, చెప్పు అనడమే ఉంది. లైటు అంటే నా దుకాణం పోతుంది, అది నాకు లెక్క కాదు. కానీ అది నిజమని నేననలేను. కాదంటే ఆమె బతుకు పోతుంది. జన్మలో అనని మాట ఒకటి నా నోట్లోంచి వచ్చింది.

"తెల్వదు చెల్లే. కడుపన్న మాట నీకు మాత్రం ఏడ తెలిసింది?"

అత్తకు కోపం వచ్చింది. "తెల్వదంటే ఎట్ల? గా డబ్బాకు తెలుస్తది గదా. లైటు తిన్నదైతే వాని బొక్కలల్ల, ఎముకలల్ల ఉంటది. ఆడ పెట్టి చూద్దాం."

"ఏడ?" అంది కోడలు.

మా వాళ్లలో పురిటి బిడ్డ పోతే తల్లిని సమాధుల తోటకు తీసుకుపోరు. చోటు కూడా చెప్పరు. చెబితే తర్వాతి బిడ్డ కూడా ఆ చోటికే తిరుగుతుందని భయం. ఆ చోటు ఎక్కడో రెండేళ్లుగా ఆమెకు తెలియదు. అడిగితే మొగుడు లేచి బయటికి పోయేవాడట.

వద్దని సారు చెప్పి చూశాడు. అక్కడ మట్టి చప్పుడే వినిపిస్తుంది, దానివల్ల ఏమీ తేలదు అన్నాడు. అత్త వినలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురం పోయాం. నేను ఆ ఆదివారం అబిడ్స్ పోలేదు. సమాధుల తోట గేటు దగ్గర కోడలు ఒక క్షణం ఆగింది. అత్త వెనక్కి చూడకుండా "రా" అంది. ఆ ఒక్క మాటతో కట్టుబాటు తెగింది.

నట్టెండ. చెట్టు నీడలు కూడా కాళ్ల కిందికి ముడుచుకుపోయాయి. కాకి లేదు. సిలువలున్న సమాధులన్నీ దాటి వెనక గోడ దగ్గరికి తీసుకుపోయింది అత్త. అక్కడ చిన్న చిన్న రాళ్లు, పేర్లు లేనివి, వరసలు కూడా లేకుండా. ఒక రాయి దగ్గర నిలబడింది. తడుముకోలేదు. ఆమె అక్కడికి తరచు వస్తుందని నాకప్పుడు తెలిసింది.

సారు వంగి గొట్టం మట్టికి దగ్గరగా పట్టాడు.

టిక్.

చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ టిక్. టిక్.

"ఇంటికాడ ఉన్నట్టే ఉన్నది" అంది అత్త మెల్లగా. "లైటు గీడ లేదు."

లైటు తప్పుకుంటే నింద ఇప్పుడు ఎవరి మీదికి పోతుందో తెలుసు. నోరు తెరిచాను, ఏదో ఒకటి అనాలని, అరవాలని. కానీ కోడలు మా ఎవరి వైపూ చూడటం లేదు. మట్టిలో కూర్చుంది. రాయి మీద చెయ్యి వేసింది.

"తల ఏ దిక్కు పెట్టిన్రు అత్తా?"

"పడమర. తూర్పు దిక్కు చూస్తుండు."

"ఏం కప్పిన్రు?"

"నా పెండ్లి చీర. సగం చింపిన."

"ఎట్లుండె?"

సారు చేతిలో పెట్టె తన పని తాను చేసుకుపోతోంది.

"నీ లెక్కనే ఉండె. నుదురు నీదే." అత్త కోడలి వైపు తిరిగింది. "సచ్చి పుట్టలేదే. ఒక్కసారి ఏడ్చిండు. సన్నగ. నువ్వు మత్తుల ఉన్నవు. తుడువుమని నాకిచ్చిన్రు. తుడుస్తున్న. నా చేతులల్లనే చల్లగయిండు. నేను సరిగ పట్టుకున్ననో లేదో, గట్టిగ ఒత్తిననో..." చేతులు రెండూ ముందుకు చాపి వాటినే చూసుకుంటోంది, ఎవరివో అన్నట్టు.

రెండేళ్లుగా ఆమె కోడలి కడుపు మీద వేసిన నిందంతా ఎక్కడినుంచి తెచ్చి వేసిందో నాకప్పుడు తెలిసింది. సారు పెట్టె ఆపబోయాడు.

"ఆపకు సారూ" అంది కోడలు. "జర మా అత్త చేతులకు పెట్టు."

ఆయన కదలలేదు. ఆ సంగతి పెట్టె చెప్పలేదని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. కోడలే లేచి ఆయన చేతిలోంచి గొట్టం తీసుకుంది. అత్త కుడి అరచేతి మీద పెట్టింది. ఎడమదాని మీద పెట్టింది. వేళ్ల మీద ఒక్కొక్కదాని మీదా నెమ్మదిగా నడిపించింది. మేమంతా విన్నాం.

టిక్. ఆగి ఆగి, టిక్.

"ఏం లేదత్తా" అంది. "నీ చేతులల్ల ఏం లేదు."